అలసీమ చిహ్నాన్ని చూడని మనిషి

మొదటి రోజు

నా పేరు మైలపల్లి నూకరత్నం. వయసు నలభై ఆరు. ఒడ్డున పడవలకి రంగులేసి పేర్లు రాస్తాను. ఈ పుస్తకం ఈ ఉదయమే చేతికిచ్చారు. పేజీలకి నంబర్లు అచ్చేసి ఉన్నాయి, చింపడానికి వీల్లేదు. అలసీమలో ఉన్నన్నాళ్ళూ నా కంటపడిన ప్రతి బొమ్మనీ ఇందులో రాయాలి. సాయంత్రం గవర్రాజు గారు చదివి సంతకం పెడతారు.

చింతా గవర్రాజు గారు ఇక్కడ చిహ్నాల అధికారి. ఇంత దూరం నన్నెందుకు పిలిపించారో పడవలోనే చెప్పారు.

"మీ చేతిపని బాగుంటుందని విన్నాం రత్నంగారూ. కానీ అసలు సంగతి అది కాదు. మా దేశ చిహ్నం మీరెప్పుడూ చూడలేదు కదా?"

"చూడలేదండీ."

"ఒక్కసారి కూడా?"

"చూద్దామన్నా ఎక్కడుందండీ?"

ఆయన మొహం వెలిగిపోయింది. చెయ్యని పనికి నన్నొకరు మెచ్చుకోవడం ఇదే మొదలు.

పడవ దిగగానే నా ముందు గొడుగు వంచి పట్టుకుని, పాదాలు తప్ప మరేమీ కనబడకుండా గది దాకా నడిపించారు. ఇవాళ చూసినవి: చాలా చెప్పులు, ఒక పిల్లి, గొడుగు లోపలి చువ్వలు. బొమ్మలేమీ లేవు.

రెండో రోజు

నలభై రెండు తెప్పల్ని ఇనుప గొలుసులతో కలిపితే అలసీమ. ఒక్కో తెప్ప మీద ఒక వీధి పడుతుంది. సముద్రం మింగేసిన ఊళ్ళవాళ్ళు ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఇలా కట్టుకున్నారట. నా గది పదిహేడో తెప్ప మీద. కిటికీకి గోనెపట్టా కొట్టారు. తలుపు మీద చిహ్నం ఉండేదట, దానికి తారు పూశారు. గవర్రాజు గారి చొక్కా గుండీల మీద కూడా చిహ్నం ఉందిట, అన్నిటికీ ప్లాస్టరు అంటించుకొచ్చారు. గాయాలైన మనిషిలా ఉన్నారు.

ఇంత బాధ ఎందుకో ఇవాళ అర్థమైంది.

దేశం పెట్టిన కొత్తలో ఇక్కడి డ్రాయింగు మాస్టారొకాయన ఆ చిహ్నం గీశారు. కాగితం మీద హక్కు ఆయన పేరనే ఉండిపోయింది, ఎవరికీ తోచలేదు. ఆరేళ్ళ కిందట ఆయన పోయాక వాళ్ళబ్బాయి తండ్రి బొమ్మలన్నీ రేఖానిధి అనే కంపెనీకి ఇచ్చేశాడు. కంపెనీవాళ్ళు ఆ బొమ్మ తీసుకెళ్ళి జల్లెడకి ఎక్కించారు. జల్లెడ సంగతి అందరికీ తెలిసిందే. తెర మీద ఎవరేం పంపినా అందులోంచే పోవాలి. కాపీరైటు ఉన్న బొమ్మ దొరికితే అక్కడికి తీసేసి మిగతాది పంపుతుంది. అప్పటినుంచి బడి సర్టిఫికెట్టు పంపినా, ప్రయాణం పాసు పంపినా, అలసీమ ఉండాల్సిన చోట అవతలివాళ్ళకి గుండ్రటి తెల్ల కన్నం చేరుతోంది.

"మళ్ళీ గీసుకోవచ్చు కదండీ?" అన్నాను.

"గీసుకోవచ్చు. మా రాజ్యాంగంలో చిహ్నం ఎలా ఉండాలో ఒక వర్ణన ఉంది. ఆ మాటలు ఎవరి సొత్తూ కాదు. మాటల్ని బట్టి గీస్తే ఆ బొమ్మ గీసినవాళ్ళది. కానీ పాత బొమ్మ చూసినవాళ్ళు గీస్తే అది నకలే అంటోంది కంపెనీ. మేం పదకొండు వేల మందిమి. దేశం పుట్టినప్పటినుంచీ రోజూ చూస్తూనే ఉన్నాం."

కంపెనీ దాన్ని లోకంలో అంత శుభ్రంగా తుడిచేసింది కాబట్టే ఒడ్డున నాలాంటి చూడనివాళ్ళు మిగిలారు. ఆ మేరకు వాళ్ళకి రుణపడి ఉన్నామన్నారు గవర్రాజు గారు. నవ్వకుండానే అన్నారు.

మూడో రోజు

వర్ణన ఇది: "నీలి వలయం నడుమ, అల మీద నిలిచిన తెల్ల పక్షి. దాని ముక్కున వరి కంకి. పాదాల కింద ఎదురెదురుగా రెండు చేపలు."

"ఏ పక్షండీ? కొంగా?"

గవర్రాజు గారు గోడవైపు తిరిగి, వర్ణన మొదటినుంచి చదివారు.

"రెక్కలు ముడుచుకుందా, చాపిందా?"

మళ్ళీ చదివారు. అదే గొంతు. ఆయన కళ్ళలో అవునో కాదో కనబడినా చాలు, సూచన ఇచ్చినట్టేనట. అందుకని నేను గీస్తున్నంతసేపూ గోడతోనే మాట్లాడారు. మధ్యాహ్నానికి నాలుగు పక్షులు వేశాను. ఒకటి మటుకు బాగా కుదిరింది. రెక్కలు బారజాపి లేవబోతున్న సముద్రపు పక్షి. ఆయనకి చూపించడానికి లేదు. పిల్లికి చూపించాను.

నాలుగో రోజు

నాకు వండిపెట్టే ఆవిడ పేరు పోలమ్మ. అరవై మూడేళ్ళుంటాయి. మా వైపు మాటే. అక్కని మేం అప్ప అంటాం, అందుకని పోలమ్మప్పా అని పిలుస్తున్నాను. కుడిచేతికి మోచేతినుంచి మణికట్టు దాకా గుడ్డ చుట్టుకుని ఉంటుంది. ఇక్కడ చాలామందికి చిహ్నం పచ్చబొట్టు ఉందట, నేను వెళ్ళేదాకా అందరూ చుట్టుకు తిరగాలని ఉత్తర్వు. "కప్పుకో అన్నారు, కప్పుకున్నాను" అంది.

ఇవాళ చేపల పులుసు పెట్టి, నా ఎదురుగానే కూర్చుంది.

"బేగి గీసీ రత్నమ్మా."

"తొందరేంటప్పా?"

వాళ్ళాయన ఎర్రయ్య తుంటి ఆపరేషనుకి ఒడ్డుకి వెళ్ళాడట. వెళ్ళడానికి ఆసుపత్రి చీటీ సరిపోయింది, ఆపరేషనూ బాగానే అయింది. తిరిగొద్దామంటే పాసు మీద ముద్ర ఉండాల్సిన చోట కన్నం ఉంది. ఏ దేశం ముద్రా లేని మనిషిని ఏ దేశానికి పంపాలని ఒడ్డున రేవు గేటు దగ్గరవాళ్ళు ఆపేశారు. ఐదు నెలలైంది. గేటు పక్కన హాల్లో ఉంటున్నాడు. అలాంటివాళ్ళు అక్కడ మరో తొంభై మంది ఉన్నారు.

"ఫోను సేత్తాడు. గొంతుకి ముద్ర అక్కర్లేదు గదా. అన్నం పలుకుగా వండుతున్నారంటాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పళ్ళు లేవు. ఏటి తింటాడు?"



ఆరో రోజు

పక్షి, అల, చేపలు పూర్తయ్యాయి. వరి కంకి దగ్గర ఆగాను. పడవల మీద కంకులు వేసే అలవాటు లేదు నాకు. నిజం కంకి చూపించమన్నాను. తెప్పల మీద వరి పండదు. గవర్రాజు గారు రోజంతా వెతికి బియ్యం బస్తా మీద అచ్చేసిన కంకి తెచ్చారు. గుమ్మం దాకా వచ్చి, ఆ బస్తా కంపెనీ బొమ్మకీ కాపీరైటు ఉంటుందేమోనని వెనక్కి పట్టుకుపోయారు.

తొమ్మిదో రోజు

ఈ పేజీ రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. నంబరు అచ్చేసి ఉంది. రాస్తున్నాను.

కంకి ఊహించే వేసేసి, ఉదయం బొమ్మకి చివరి రంగు వేస్తున్నాను. రేపు పంపించేస్తే పనైపోతుంది. వంటగదిలోంచి కేక వినబడింది. గంజి వారుస్తుంటే మూత జారి, మరిగే గంజి పోలమ్మప్ప చేతిమీద పడింది. గుడ్డంతా తడిసి చేతికి అంటుకుపోయింది. పరుగెత్తాను. నీళ్ళబిందెలో చెయ్యి ముంచి, గుడ్డ విప్పబోయాను.

"వద్దు, వద్దు, నువ్వు సూడకూడదు" అని చెయ్యి లాగేసుకుంది. చర్మం కాలుతుంటే ఆవిడకి గుర్తొచ్చింది ఉత్తర్వు!

నేను వినలేదు. గుడ్డ లాగేశాను. మోచేతి కింద పొక్కులు తేలుతున్నాయి. వాటి పక్కనే పచ్చబొట్టు ఉంది. పొట్టి పక్షి, వెనక్కి తిరిగి చూస్తోంది, ఒక రెక్క ఎత్తి ఉంది. ముక్కున కంకి. కింద రెండు చేపలు ఎదురెదురుగా. వేడి గంజి రెక్క చివర మీద పడింది, అక్కడ చర్మం తెల్లగా ఊడివచ్చింది.

చూశాను. కళ్ళు మూసుకున్నాను కూడా. కానీ అప్పటికే చూసేశాను.

మందు రాసి, కట్టు కట్టాక పోలమ్మప్ప నా చెయ్యి వదల్లేదు.

"రాత్తావా?"

"రాయాలప్పా. అందుకే కదా ఈ పుస్తకం."

"నువ్వు సూడనేదు. నేను సెప్తున్నాను గదా, సూడనేదు. మనిద్దరికే తెలుసు. రాయకు తల్లీ. మా ఇంటాయన ఇంక రాడు."

చెయ్యి విడిపించుకున్నాను. గదిలోకొచ్చి ఒక కాగితం తీసి, మనసుకి తోచిన పక్షి వేద్దామని కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూస్తున్న పక్షే వచ్చింది. మూడుసార్లు వేస్తే మూడుసార్లూ అదే. రేపు పంపాల్సిన బొమ్మలో ఇంకా వెయ్యాల్సిన గీత ఒక్కటున్నా, అది నాదో ఆ చేతిదో నాకే తెలియదు.

సాయంత్రం గవర్రాజు గారు ఈ పేజీ చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు.

"ఈ పేజీ నేను చదవలేదనుకోండి" అన్నారు చివరికి.

"మీరూ చూడనివాళ్ళయిపోయారన్నమాట."

"రత్నంగారూ, తొంభై మంది ఉన్నారక్కడ."

"రేపు పోలమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తే, చెయ్యి కాలిన సంగతి కంపెనీవాళ్ళు ఆ చీటీలో చూసి, కట్టు ఎవరు కట్టారని అడిగితే? అబద్ధమని తేలితే ఆ బొమ్మకి మళ్ళీ కన్నమే కదండీ. ఇంకెప్పటికీ పూడదు."

సంతకం పెట్టారు. 

పదో రోజు

పోలమ్మప్ప లోపలికి రాలేదు. గుమ్మం దగ్గర పళ్ళెం పెట్టి వెళ్ళిపోయింది. పప్పులో ఉప్పు లేదు. ఒంటిచేత్తో వండింది, అలాగే తినేశాను.

గవర్రాజు గారు ఒక ఫారం పట్టుకొచ్చారు. చూడకూడనిది చూస్తే నింపి చిహ్నాల పీఠానికి పంపాల్సిన ఫారం. చిహ్నాల తగాదాలు తీర్చే పీఠం అది. పోలమ్మప్పని పిలిచి, ఆవిడ ఎదురుగా కూర్చుని మొదలుపెట్టారు. వాళ్ళిద్దరి మధ్యా నేను.

"చూసిన నకలు దేనిమీద ఉంది... చెయ్యి. నకలు చేసినవారు?"

"పచ్చబొట్లమ్మ" అంది పోలమ్మప్ప, గోడకేసి చూస్తూ.

"ఏ సంవత్సరం?"

"నాకేటి తెలుసు బాబూ? పద్నాలుగేళ్ళప్పుడు. తిరనాళ్ళలో."

ఆయన కలం ఆగింది.

"ఎవరికి పద్నాలుగేళ్ళు?"

"నాకే."

"అంటే... నలభై తొమ్మిదేళ్ళ కిందట?"

"అంతే ఉంటాది."

"పోలమ్మా, అప్పటికి అలసీమే లేదు కదా!"

"నేదు. మా ఊరుండీది."

గవర్రాజు గారు నావైపు చూశారు. నేను ఆయనవైపు చూశాను.

"మరి మాస్టారు..." అన్నారాయన.

"మాస్టారు మా పక్క గుడిసే గదా. జెండా మీదకి బొమ్మ కావాలి, పొద్దుగూకీలోపు ఇమ్మన్నారని తల పట్టుకు కూకున్నాడు. నేను సేపలు కోత్తున్నాను. సెయ్యి ఒకపాలి సాపు పోలమ్మా అన్నాడు. సాపినాను. సూసి గీసుకున్నాడు. కింద అల ఆయన ఏసిందే. ఈకలూ ఆయన ఏసినవే."

"ఈ ఆరేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేమిటి?"

"ఎవురడిగినారు?" అంది. "కప్పుకోమన్నారు, అంతే."

నిజమే. ఆ మాట అడిగే గడి అలసీమ మొత్తంలో ఈ ఒక్క ఫారంలోనే ఉంది. నేను చూసి ఉండకపోతే దాన్ని నింపే పనే ఉండేది కాదు.

పదమూడో రోజు

చెప్తే చాలదట, రుజువు కావాలట. పోలమ్మప్ప పెళ్ళి ఫొటోలో చెయ్యి కనబడుతుంది. ఆ ఫొటో ఎర్రయ్య దగ్గరే ఉంది. ఆపరేషనుకి వెళ్తూ సంచీలో పెట్టుకున్నాడు. వెనక స్టూడియోవాళ్ళు వేసిన తారీకు ఉంది, నలభై ఆరేళ్ళ కిందటిది.

పీఠం వాళ్ళ ఆఫీసు గేటుకి దగ్గరే. ఎర్రయ్య కర్ర ఊతంతో నడుచుకుంటూ వెళ్ళి ఫొటో చూపించాడు. కంపెనీ తరఫు లాయరు తెరమీదకొచ్చి, ఫొటోలో ఉన్నది పోలమ్మే అనడానికి ఆధారమేంటని అడిగాడట.

"పక్కనున్నది నానే బాబూ. ఆ పిల్ల మా ఆడది కాకపోతే, నాను ఎవుర్ని పెళ్ళాడినానో తవరే సెప్పండి" అన్నాడట ఎర్రయ్య.

రాత్రి ఫోనులో ఇదంతా విని పోలమ్మప్ప నవ్వింది. తర్వాత నా గదికొచ్చి, "పప్పులో ఉప్పు ఏసినాను" అని చెప్పి వెళ్ళింది.

పద్దెనిమిదో రోజు

తీర్పు వచ్చింది. పీఠం తరఫున పరీక్షకురాలు తెరమీద చదివింది, గవర్రాజు గారు ఒక్కో ముక్కా నాకు వివరించారు.

పచ్చబొట్టు మాస్టారి బొమ్మకంటే ముందుది. పొడిచిన మనిషి ఎవరో తెలియదు, ఎవరూ హక్కు అడగలేదు. కనుక పచ్చబొట్టు అందరిదీ. మాస్టారు దానికి చేర్చిన ఈకలు, నీడలు మాత్రం కంపెనీవి. అలసీమ కొత్త చిహ్నాన్ని పచ్చబొట్టు చూసి గీసుకోవచ్చు. చేతిమీద లేని అల, వలయం రాజ్యాంగంలోని మాటల్నిబట్టి వేసుకోవచ్చు. అయితే గీసే మనిషి మాస్టారి బొమ్మ చూసి ఉండకూడదు.

అంటే మళ్ళీ నేనే. నిన్నటిదాకా ఆ చెయ్యి చూడటం నేరం. ఇకనుంచి రోజూ ఎనిమిది గంటలు ఆ చెయ్యే చూడాలి. మిగతా దేశానికి గోనెపట్టాలు అలాగే ఉంటాయి.

సముద్రపు పక్షి బొమ్మని మడిచి పెట్టెలో పెట్టుకున్నాను. నాకది ఇష్టంగానే ఉండేది.

ఇరవయ్యో రోజు

కిటికీ పట్టా కొంచెం ఎత్తి, వెలుగు పడేలా పోలమ్మప్పని కూర్చోబెట్టాను. కట్టు విప్పాం. పొక్కులు మానాయి కానీ రెక్క చివర పోయింది. అక్కడ గులాబీ రంగు కొత్త చర్మం. పచ్చబొట్టు ఆనవాలే లేదు. మిగతా పక్షి కూడా నలభై తొమ్మిదేళ్ళలో చేత్తోపాటే సాగింది. మెడ మీద ముడత, ఒక చేప కొంచెం పక్కకి ఒరిగింది.

గవర్రాజు గారు నెమ్మదిగా అడిగారు. "రెక్క పూర్తి చెయ్యచ్చు కదా రత్నంగారూ? మీరు మాస్టారి బొమ్మ చూడలేదు. మీ సొంతంగా రెండు గీతలు వేస్తే తప్పు లేదు. పెళ్ళి ఫొటోలో అంత చిన్నది కనబడటం లేదు."

వెయ్యగలను. ఈకలెలా ఉంటాయో నాకు తెలుసు. తెగిన రెక్కతో పక్షిని ఏ పడవ యజమానీ ఒప్పుకోడు.

"అప్పా, నువ్వేమంటావు?"

పోలమ్మప్ప చెయ్యి తిప్పి చూసుకుంది. ఆ కాలిన చోట వేలితో తడిమింది.

"పొడిసినప్పుడు కళ్ళు మూసుకుని ఏడ్సినాను. కాలినప్పుడు కళ్ళు తెరిసి ఏడ్సినాను. ఉన్నదే ఎయ్యి. ఇప్పుడు నాకున్నది ఇదే గదా."

అలాగే వేశాను. ముడత కూడా వేశాను.

ఇరవై మూడో రోజు

గీసిన క్షణంనుంచి బొమ్మ గీసినవాళ్ళదట. కాబట్టి మూడు రోజులపాటు ఒక దేశపు చిహ్నం పడవలకి రంగులేసే మనిషి సొంతం. ఆ మూడు రోజులూ గవర్రాజు గారు నాతో మరీ మర్యాదగా ఉన్నారు. మెట్లు దిగుతుంటే చెయ్యి పట్టుకున్నారు.

ఇవాళ వదులుకునే పత్రం తెచ్చారు. "ఈ బొమ్మని ఎవరైనా, ఎక్కడైనా, ఎవరినీ అడక్కుండా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు." కింద నా సంతకం, పక్కన దేశ ముద్ర. ముద్ర చెల్లాలంటే ముందు పత్రం చెల్లాలి. పత్రం చెల్లాలంటే ముందు ముద్ర పడాలి. చివరికి ఒకటి, రెండు, మూడు అనుకుని నేను సంతకం పెడుతుండగానే ఆయన ముద్ర కొట్టేటట్టు ఒప్పుకున్నాం.

మూడు అనబోతూ ఆయన ఆగిపోయారు.

"ఎవరైనా అంటే... రేఖానిధివాళ్ళు కూడానా?"

"ఎవరైనా అని మీరే కదండీ రాశారు."

"వాళ్ళు తప్ప అని ఒక్క మాట చేరుద్దాం. ఆరేళ్ళు మా నోరు నొక్కారు. ఇప్పుడు ఇదే బొమ్మని వాళ్ళు డబ్బాల మీద వేసుకుంటే చూస్తూ ఊరుకోవాలా?"

కూరగాయలు తరుగుతున్న పోలమ్మప్ప తలెత్తకుండానే అంది. "ఆపడానికి ఆళ్ళకి జల్లెడుంది, లాయర్లున్నారు. మనకెవురున్నారు బాబూ? నువ్వొక్కడివే. రోజూ లోకమంతా తిరిగి ఎవుడేసుకున్నాడో సూసొత్తావా?"

గవర్రాజు గారు తన గుండీల మీది ప్లాస్టర్లని ఒకసారి చూసుకున్నారు. తర్వాత, "ఒకటి, రెండు" అన్నారు.

ఇరవై నాలుగో రోజు

బొమ్మ బయటికి వెళ్ళింది. జల్లెడ ఆపలేదు. సాయంత్రానికి తెప్పల మీద సగం మంది తిట్టారు. రెక్క తెగిన పక్షి అపశకునమన్నారు. మిగతా సగం మంది అప్పటికే ఒకళ్ళకొకళ్ళు పంపుకుంటున్నారు. ఎవరో రెక్క అతికించారు. ఎవరో పక్షికి కళ్ళజోడు పెట్టారు. గవర్రాజు గారు కోపంతో ఫోను ఎత్తి, మార్చుకోవచ్చని రాసింది తనేనని గుర్తొచ్చి పెట్టేశారు.

ఇరవై ఏడో రోజు

నేను ఎక్కాల్సిన పడవే ఒడ్డునుంచి వాళ్ళని తెచ్చింది. తొంభై ఒక్క మంది. అందరికంటే ఆఖరున ఎర్రయ్య, కర్ర ఊతంతో.

పోలమ్మప్ప రేవు అంచున నిలబడింది. దగ్గరికెళ్ళలేదు, పిలవనూ లేదు. ఆయనే వచ్చాడు. రాగానే ఆవిడ కుడిచెయ్యి పట్టుకుని, చీర కొంగు పక్కకి తప్పించి చూశాడు.

నేను ఎర్రయ్యని పక్కనున్న కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిస్తే తాగాడు. గేటు దగ్గర జరిగింది అప్పుడు చెప్పాడు. పాసు మిషనులో పెడితే పచ్చలైటు వెలిగిందట. కానీ అక్కడి ఆఫీసరు పాసు చేతిలోకి తీసుకుని, ఇదేం చిహ్నం, రెక్క ఇలా ఉందేమిటి, అచ్చు తప్పా అని అడిగాడట.

"అచ్చు తప్పు కాదు బాబూ, ఇది మా ఆడదాని సెయ్యి అన్నాను. ఐదు నెల్ల కింద నాను ఎల్లీసరికి రెక్క బాగానే ఉండీది. ఏటయిందో నాకూ తెల్దు. ఫోన్లో సెప్పనేదు. తొరగా పంపించీ, సూసుకోవాలి అన్నాను."

ఆఫీసరు ఇంకేమీ అడగలేదట.

"గంజి పడ్డాది" అంది పోలమ్మప్ప.

"మండిందా?"

"అప్పుడు మండింది."

ఇవాళ చూసినవి: అలసీమ చిహ్నం, ఒకటి. కాగితాల మీద, జెండాల మీద ఉన్నవి లెక్కపెట్టలేదు. ఈ పేజీ కింద సంతకం పెట్టడానికి గవర్రాజు గారు దొరకలేదు. ఎర్రయ్య సంచీ మోసుకుంటూ వాళ్ళ వెనకాలే వెళ్ళిపోయారు.